కరిచే కుక్కకు కర్రా, చికెన్ ముక్కా? ఏ పద్ధతి ఏం చేస్తుంది

కర్నూల్లో అయినా, కడపలో అయినా, అనంతపురంలో అయినా, ఇంటి కుక్క ఎవరినైనా కరిచిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా వీధంతా సలహాలే. "నాలుగు తగిలించప్పా, దావకొస్తాది" అంటారొకరు. "గొలుసు ఇప్పొద్దు, కట్టేసే పెట్టు" అంటారు పక్కింటాయన. "బెంగళూరులో ట్రైనింగ్ సెంటర్ ఉందంట, నెల రోజులు వదిలేసి రాండి" అని ఇంకొకరు. "డాక్టర్‌తో మత్తుమందేమన్నా రాయించుకోండి" అని మరొకరు. అందరూ మన మంచి కోరి చెప్పేవాళ్లే. కానీ ఈ సలహాలన్నీ ఒకే పని చేయవు. కొన్ని కుక్క భయాన్ని తగ్గిస్తాయి, కొన్ని పైకి కనబడకుండా అణిచిపెడతాయి, కొన్ని రెట్టింపు చేస్తాయి. ఏది ఎంచుకోవాలన్నా ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల నా కుక్కకు ఆ మనిషంటే, ఆ చెయ్యంటే, ఆ చప్పుడంటే ఉన్న భయం తగ్గుతుందా, పెరుగుతుందా?

పెంపుడు కుక్క కాటు వెనక చాలాసార్లు ఉండేది పొగరు కాదు, భయం. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి మీదికి గేటు దగ్గర ఎగిరెగిరి మొరిగే కుక్కను చూసి "మాది భలే ధైర్యమైన కుక్క" అనుకుంటాం. అది "దగ్గరికి రావద్దు" అని అరుస్తోంది. సిలిండర్ దించి ఆ అబ్బాయి ఎలాగూ వెళ్లిపోతాడు. కుక్కకు మాత్రం తన అరుపుకే వెళ్లిపోయాడని అర్థమవుతుంది. మరుసటిసారి ఇంకొంచెం గట్టిగా అరుస్తుంది. ఒకరోజు గేటు తెరిచి ఉంటే కరుస్తుంది.

ఏ పద్ధతికైనా ముందు పశువుల డాక్టర్

ఇన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటోందంటే ట్రైనింగ్ సంగతి పక్కన పెట్టి ముందు ఒంట్లో నొప్పి ఏమైనా ఉందేమో చూపించండి. చెవిలో చీము పట్టిన పామరేనియన్ తల మీద చెయ్యి వేయనివ్వదు. తుంటి కీళ్లు అరిగిన లాబ్రడార్, ఇంట్లో పిల్లలు మీద పడితే కసురుకుంటుంది. మన ప్రాంతంలో గోమార్లు ఎక్కువ. వాటి వల్ల జ్వరం తగిలిన కుక్క నీరసపడి, ముట్టుకుంటే చిరాకు పడుతుంది. దీనికి ఎంత మంచి ట్రైనర్ వచ్చినా ఏమీ చేయలేడు. దగ్గర్లో సరైన వసతి లేకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లి చూపించుకోవచ్చు.

ఉన్నట్టుండి ప్రవర్తన మారి, చొంగ కారుతూ, గొంతు మారి, మింగలేక, తడబడుతూ నడిచే కుక్కయితే రేబిస్‌ను అనుమానించాలి. దాన్ని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. ఇక కుక్క ఎవరిని కరిచినా, టీకాలు వేయించిన మీ ఇంటి కుక్కే అయినా, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించాలి. చర్మం తెగి రక్తం వస్తే, గాయం చిన్నదైనా, టీకాతో పాటు సీరం (ఇమ్యూనోగ్లోబులిన్ సూది) కూడా అవసరమవుతుంది. కరిచిన కుక్కను 10 రోజులు గమనించమంటారు. ఆ 10 రోజులు అయ్యాక చూద్దాంలే అని టీకా మాత్రం ఆపొద్దు.

కొట్టడం, బెదిరించడం, చోక్ చైన్, షాక్ కాలర్

ఈ పద్ధతి గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మొదట వాడేది ఇదే. పైగా చూడ్డానికి ఇది వెంటనే పనిచేసినట్టు ఉంటుంది. మీ కుక్క అపరిచితుణ్ని చూసి గుర్రుమంది, మీరు గొలుసు గుంజారు, గుర్రు ఆగింది. మరి దాని బుర్రలో ఏం నమోదైంది? అపరిచితుడు కనబడ్డాడు, మెడ నొప్పి పుట్టింది. రేపు ఇంకొకరు కనబడ్డారు, మళ్లీ నొప్పి. నాలుగు రోజులకు కొత్త మనిషి అల్లంత దూరంలో ఉండగానే ఒళ్లు బిగుసుకుంటుంది. ముందు భయం ఒక్కటే ఉండేది, ఇప్పుడు దానికి నొప్పి తోడైంది. గుంజేకొద్దీ మెడకు బిగుసుకునే చోక్ చైన్, లోపలికి ముళ్లున్న పట్టీ, రిమోట్ నొక్కితే షాక్ కొట్టే కాలర్, అన్నీ ఇలాగే పనిచేస్తాయి. షాక్ కాలర్లను వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తున్నాయి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. గుర్రుమన్న ప్రతిసారీ దెబ్బ పడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, లోపలి భయం మాత్రం అలాగే ఉంటుంది. "మంచిగా ఉండేది, ఏ సూచనా లేకుండా కరిచేసింది" అని చెప్పే ఇళ్లలో గతం అడిగి చూడండి. చాలా చోట్ల ఆ సూచనను కొట్టి మాన్పించి ఉంటారు. గుర్రు మనకు అందే హెచ్చరిక. దాన్ని పోగొట్టుకోకూడదు. కుక్క గుర్రుమంటే చేయాల్సిన పని ఒకటే: పిల్లవాణ్నో చుట్టాన్నో దూరం జరిపి, ఎందుకు గుర్రుమందో తర్వాత ఆలోచించడం.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో ఒక సర్వే ప్రచురించారు. ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరికి వచ్చిన కుక్కల యజమానులు 140 మందిని ఏ పద్ధతి వాడారు, కుక్క ఏం చేసింది అని అడిగారు. కొట్టడమో తన్నడమో చేసినవాళ్లలో 43 శాతం మంది కుక్క తిరగబడిందని చెప్పారు. కుక్క మీద తామే గుర్రుమన్నవాళ్లలో 41 శాతం, వెల్లకిలా పడేసి అదిమిపట్టినవాళ్లలో 31 శాతం, కళ్లలోకి ఉరిమి చూసినవాళ్లలో 30 శాతం అదే మాట చెప్పారు. కోపం తగ్గిద్దామని చేసిన పనే కోపం రేపిందన్నమాట. పోర్చుగల్‌లో 92 కుక్కల మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, దండించి నేర్పే చోట శిక్షణ పొందిన కుక్కల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో ప్రకటన ఇస్తూ, కరిచే స్వభావం ఉన్న కుక్కలతో సహా అన్ని కుక్కలకూ బహుమతితో నేర్పే పద్ధతులే వాడాలని చెప్పింది.

"ఇంట్లో బాస్ ఎవరో కుక్కకు చూపించాలి" అనే మాట ఇప్పటికీ వింటుంటాం. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన పరిశీలన. ఒకదానికొకటి ఏమీ కాని తోడేళ్లను ఒకేచోట పెడితే అవి పోట్లాడుకున్నాయి. అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మెక్ 1999లో రాసినదాని ప్రకారం, తోడేళ్ల గుంపంటే మామూలుగా అమ్మ, నాన్న, పిల్లలు ఉండే ఒక కుటుంబం. కుక్కలు ఎలాగూ తోడేళ్లు కావు, మన ఇంట్లో అధికారం కోసం పోటీ పడవు. ఆ పేరు చెప్పి కుక్కను నేలకు అదిమిపట్టే ట్రైనర్ ఎంత పేరున్నవాడైనా వద్దనే చెప్తాను.

కట్టేసి పెట్టడం

కాట్లు ఆగడానికి తాత్కాలికంగా ఇది పనికొస్తుంది. బంధువులు వచ్చిన పూట వెనక గదిలో పెట్టి, నీళ్లు, నమలడానికి ఏదో ఒకటి ఇచ్చి తలుపు వేయడంలో తప్పేమీ లేదు. కానీ గేటు పక్కన పొద్దస్తమానం గొలుసుతో కట్టేయడం వేరు. అక్కడున్న కుక్క వచ్చేపోయే ప్రతి మనిషినీ, ప్రతి బండినీ చూస్తూ, అటు పారిపోలేక, ఇటు దగ్గరికి పోలేక రోజంతా టెన్షన్‌లో ఉంటుంది. పైగా మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో రేకుల నీడ కింద కట్టేసిన కుక్కకు చిరాకు రాకుండా ఎలా ఉంటుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, మరీ పొట్టిగానో బరువుగానో ఉన్న గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడాన్నీ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను బయట తిప్పకపోవడాన్నీ నేరంగానే చెబుతుంది. కట్టక తప్పని ఇల్లయితే కనీసం చోటు మార్చండి. గేటు కనబడని పెరటి వైపు, చెట్టు నీడన, పొడుగు తాడుతో కట్టండి. పొద్దున, రాత్రి నడిపించండి.

జనంలోకి తీసుకెళ్లి అలవాటు చేయడం

"జనంలో నాలుగు రోజులు తిప్పితే అదే అలవాటవుతుంది" అని భయపడే కుక్కను సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గరికో సప్తగిరి సర్కిల్‌కో తీసుకెళ్తుంటారు. కాసేపటికి కుక్క అరవడం మానేసి కదలకుండా నిలబడుతుంది. నేర్చుకుందనుకుంటాం. తోక కాళ్ల మధ్యకు పోయి, చెవులు వెనక్కి వాలి, మీరిచ్చిన ముక్క కూడా ముట్టకపోతే అది నేర్చుకోలేదు, చేతులెత్తేసింది. ఇష్టంగా తినే కుక్క తిండి మానేసిందంటే అక్కడ భయం హద్దు దాటినట్టే. వినాయక చవితి ఊరేగింపు, దీపావళి టపాసులు, పెళ్లి డీజే లాంటి చోట్లకు అలవాటు చేయడం కోసం కుక్కను అసలు తీసుకెళ్లొద్దు. అక్కడ జరిగే నష్టం సరిచేయడానికి నెలలు పడుతుంది.

మూడు వారాల నుంచి దాదాపు పద్నాలుగు వారాల వయసు దాకా ఉన్న కుక్కపిల్లలకు లోకాన్ని మెల్లగా, భయపెట్టకుండా చూపించడం మాత్రం చాలా అవసరం. ఆ వయసులో చూడనివాటికే పెద్దయ్యాక ఎక్కువ భయపడతాయి.

దూరం, చికెన్ ముక్క, ఓపిక

నా ఓటు దీనికే. చేసే విధానం తెలియక చాలామంది దీన్ని రెండు రోజులు చేసి వదిలేస్తారు కాబట్టి వివరంగా చెప్తాను.

ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను ఎముకలు తీసేసి బఠాణీ గింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. ఉడికించిన కార్జం అయినా, గుడ్డు అయినా పరవాలేదు. మామూలుగా దొరికే బిస్కెట్ ఈ పనికి చాలదు. భయపడే సమయంలో మాత్రమే దొరికే రుచి అయి ఉండాలి. పొద్దున ఎండ ఎక్కకముందే, కుక్కకు మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ వేసి, వీధి దూరంగా కనబడే చోట నిలబడండి. అక్కడ నుంచి మనిషిని చూసి కుక్క చెవులు నిక్కబొడిచినా, ఒళ్లు బిగుసుకోకుండా, మీరిచ్చింది తినగలిగితే ఆ దూరం సరైనది. నలభై అడుగులు కావచ్చు, నూరడుగులు కావచ్చు. ఆ దూరం ఎంతన్నది కుక్కే చెబుతుంది.

ఇప్పుడు వరుస చాలా ముఖ్యం. ముందు మనిషి కనబడాలి, కుక్క అతన్ని చూడాలి, ఆ తర్వాతే ముక్క. మనిషి కనబడుతున్నంతసేపు ఒక్కొక్క ముక్కా ఇస్తూనే ఉండండి. అతను మలుపు తిరిగి పోగానే ముక్కలు ఆపేయండి. ముక్క ముందు చూపించి మనిషిని తర్వాత చూపిస్తే, చికెన్ వాసన వచ్చిందంటే భయపడాల్సింది ఏదో రాబోతోందని కుక్క నేర్చుకుంటుంది. వరుస సరిగ్గా ఉంటే కొన్నాళ్లకు కుక్క మనిషిని చూసి వెంటనే మీ మొహం వైపు తిరుగుతుంది, "నా ముక్క ఏది?" అన్నట్టు. అప్పుడు మాత్రమే రెండడుగులు దగ్గరికి జరగాలి. తిరగకపోతే జరగొద్దు.

"భయపడేటప్పుడు తిండి పెడితే భయాన్ని ప్రోత్సహించినట్టు కాదా?" అని చాలామంది అడుగుతారు. కాదు. భయం కుక్క కావాలని చేసే పని కాదు. పిల్లాడు చీకట్లో ఏడిస్తే దగ్గరికి తీసుకున్నంత మాత్రాన చీకటి భయం పెరగదు కదా.

ఈ పని చేసేటప్పుడు కుక్క ఒంటిని చదవడం నేర్చుకోవాలి. గుర్రు కంటే ముందే సూచనలు వస్తాయి. తిండి ఏదీ లేకుండానే పెదాలు నాక్కుంటుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. మొహం పక్కకు తిప్పి, కంటి కొసలో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఆ తర్వాత ఒక్క క్షణం బొమ్మలా బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకోవడం చూశారంటే ఇక ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా దూరం తీసుకెళ్లండి. తోక ఊపుతోంది కాబట్టి పరవాలేదు అనుకోవద్దు. తోకను పైకి నిక్కించి, గట్టిగా, వేగంగా ఆడించే కుక్క కూడా కరుస్తుంది.

ఇందులో ఉన్న కష్టం కూడా చెప్పాలి. నెలలు పడుతుంది, వారాల్లో అయిపోదు. ఇరుకు సందుల్లో కావలసినంత దూరం దొరకదు. అలాంటివాళ్లు జనం లేని వేళ చూసుకుని ఏ మైదానానికో ఊరి బయటికో వెళ్లాలి. రాత్రి టపాసుల చప్పుడు విన్న కుక్కకు మరుసటి పొద్దున ఈ పాఠం పెట్టొద్దు. ఒక భయం మీద ఇంకొకటి పేరుకుంటుంది. ఆ రోజుకు సెలవివ్వండి.

ట్రైనర్ ఇంటికి రావాలా, కుక్క సెంటర్‌కు పోవాలా

భయంతో కరిచే కుక్కకు ఇంటికొచ్చే ట్రైనరే మేలు. అనంతపురం నుంచి బెంగళూరుకో, కర్నూలు నుంచి హైదరాబాద్‌కో రెండొందల కిలోమీటర్ల పైచిలుకు తీసుకెళ్లి, కొత్త చోట, కొత్త మనుషుల మధ్య, బోనులో నెల రోజులు వదిలితే దాని భయం తగ్గే అవకాశం తక్కువ. అక్కడ ట్రైనర్ మాట వినడం నేర్చుకున్నా, మీ గేటు, మీ వీధి, మీ ఇంటి పాలబ్బాయి అక్కడ ఉండరు. సమస్య మీ ఇంటి దగ్గర ఉంది కాబట్టి పాఠం అక్కడే జరగాలి. పైగా మీరు చూడని చోట ఏం జరుగుతోందో మీకు తెలియదు.

మన దేశంలో ఎవరైనా "డాగ్ ట్రైనర్" అని బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి పరీక్షించుకోవాల్సింది మనమే. "కుక్క గుర్రుమంటే మీరేం చేస్తారు?" అని అడగండి. "దూరం తీసుకెళ్తా, ఎందుకో చూస్తా" అంటే మాట కొనసాగించండి. "ఒక్కటి తగిలిస్తే మళ్లీ అనదు" అంటే నమస్కారం పెట్టి పంపించండి. "వారంలో మార్చేస్తా, గ్యారంటీ" అన్నా అంతే. "ముక్కలూ ఇస్తాం, అవసరమైతే షాకూ ఇస్తాం" అనేవాళ్లూ ఉంటారు. మామూలు కుక్క ఎలాగో తట్టుకుంటుందేమో గానీ, భయంతో ఉన్న కుక్క అలాంటి చోట ఏ క్షణం ఏం వస్తుందో తెలియక మరింత బెదిరిపోతుంది. ప్రతి క్లాసులో మీరు పక్కన ఉండాలని ముందే చెప్పండి. వద్దన్నవాళ్లు మనకొద్దు.

మందులు

మందు అనగానే మత్తు అనుకుని భయపడేవాళ్లూ ఉన్నారు, మందొక్కటే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఇల్లు కదలకుండా వణికే కుక్కకు, నూరడుగుల దూరంలో కూడా తినలేని కుక్కకు మందు నిజంగా మేలు చేస్తుంది. ఫ్లూయాక్సెటిన్ లాంటివి రోజూ వేయాలి, ప్రభావం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. టపాసుల రాత్రికో ఆసుపత్రి ప్రయాణానికో అప్పటికప్పుడు వేసేవి వేరు. ఏది ఎంత అన్నది డాక్టరే చెప్పాలి, మన ఇంట్లో మిగిలిన నిద్రమాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. టపాసుల భయానికి ఎసిప్రోమజైన్ అనే మత్తుమందు ఒక్కటే రాస్తే వేరే దారి ఉందేమో డాక్టర్‌ను అడగండి. అది ఒంటిని కదలనివ్వదు, భయాన్ని మాత్రం తీయదు. మందు కుక్కను నేర్చుకోగలిగే స్థితికి తెస్తుంది, నేర్పడం మాత్రం మన పనే.

మూతి బుట్ట, ఆసుపత్రి బల్ల

ఒకసారి కరిచిన కుక్కకు మూతికి తొడిగే మజిల్ అలవాటు చేయడం దాన్ని శిక్షించడం కాదు. ఎద్దులకు కట్టే చిక్కం మనకు కొత్త కాదు. అయితే రకం చూసి కొనండి. నోరు గట్టిగా మూసేసే గుడ్డ మజిల్ మన ఎండల్లో చాలా ప్రమాదం. కుక్క నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. నోరు తెరవగలిగే, నీళ్లు తాగగలిగే బుట్టలాంటిదే తీసుకోండి. అడుగున చికెన్ ముక్క పెట్టి, కుక్క తనంతట తాను మూతి దూర్చేలా రోజూ కాసేపు చేయండి. పట్టీ బిగించడం చాలా రోజుల తర్వాత.

ఆసుపత్రిలో నలుగురు పట్టుకుని బల్ల మీద అదిమి సూది వేయడం ఆ పూటకు పని కానిస్తుంది, మరుసటిసారి గేటు దగ్గరే కుక్క మొరాయిస్తుంది. పశువైద్యురాలు సోఫియా యిన్ లాంటివాళ్లు బలవంతం లేకుండా చికిత్స చేసే పద్ధతులను ప్రచారంలోకి తెచ్చారు. మన ఊళ్లోనూ డాక్టర్‌ను అడిగి కొంతవరకు చేసుకోవచ్చు. రద్దీ లేని వేళకు వెళ్లడం, వంతు వచ్చేదాకా ఆటోలోనో బయట చెట్టు కిందో ఉండటం, బల్ల ఎక్కించకుండా నేల మీదే సూది వేయించుకోవడం, సూది పడుతుండగా మీరు ముక్కలు తినిపించడం, వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

మీ ఇంటికి ఏది

ఇంట్లో చిన్నపిల్లలుండి, కుక్క ఇప్పటికే లోతుగా కరిచి ఉంటే సొంత ప్రయోగాలు వద్దు. పిల్లలకూ కుక్కకూ మధ్య ఎప్పుడూ మూసిన తలుపు ఉండాలి. ముందు డాక్టర్, తర్వాత ప్రవర్తన తెలిసిన వైద్యులతో వీడియో కాల్‌లోనైనా సంప్రదింపు, ఆ తర్వాతే పాఠం. గుర్రుమనడం, మొరగడం దాకానే ఉన్న కుక్కయితే దూరం, చికెన్ ముక్కలతో మీరే మొదలుపెట్టొచ్చు. వీధి నుంచి తెచ్చుకున్న బెదురు కుక్కయితే మొదటి కొన్ని రోజులు ఏమీ నేర్పొద్దు. ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కింద కూర్చోండి, కళ్లలోకి చూడకండి, తల మీదికి చెయ్యి చాపకండి, ముక్క విసిరి ఊరుకోండి. అదే వస్తుంది.

ఏది ఎంచుకున్నా ఇంట్లో అందరూ అదే చేయాలి. మీరు పొద్దున ముక్కలు పెడుతుంటే సాయంత్రం తాతగారు చేతికర్ర ఎత్తితే మీ నెల రోజుల శ్రమ పోతుంది. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. ఆయనకే ఒక గిన్నెలో చికెన్ ముక్కలిచ్చి, "తాతా, పాలబ్బాయి గేటు దగ్గర కనబడగానే దానికి ఒక్కొక్కటీ వేస్తుండు" అని ఆ పని అప్పగించండి.